పాత వస్తువులు – ఇంటి సొగసు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగము)



పాతసామాను కొనువాని కేక విననివారు ఏ గ్రామమునందును ఉండరు. ఒకప్పుడు కావడితోను, తరువాత సైకిలుతోను, నేడు మోటారు బండిపై మైకుతోను ఆ కేక వాడవాడలా వినబడుచున్నది. పగిలిన బకెట్టు మొదలు తాతలనాటి ఇత్తడి గంగాళము వరకు అన్నియు అతని తరాజులో ఒక్కటే. తరాజునకు తెలిసినది బరువు మాత్రమే. ఆ గంగాళము ఎవరి పెండ్లికి వచ్చినదో, దాని అంచుపై ఎవరి పేరు చెక్కబడి ఉన్నదో తరాజు అడుగదు, ఇచ్చువారును చెప్పరు. కిలోల లెక్కన నాలుగు నోట్లు చేతికి వచ్చును, వస్తువు ఊరు దాటును.

అట్టి గంగాళమే కొంతకాలమునకు పట్టణములో ఒక పెద్ద హోటలు ముంగిట దర్శనమిచ్చును. దానిలో నీరు పోసి పూలు తేలవేసి యుందురు. వచ్చినవారందరును ఆగి చూచి, ఎంత సొగసైన వస్తువని మెచ్చుకొందురు. అది ఏ ఊరిదని అడిగినచో బదులు చెప్పగలవారుండరు. గ్రామమున తూకపు ధర పలికిన వస్తువు నగరమున అపురూపమగుటలో వింత లేదు. దాని వెంట నుండవలసిన కథ దారిలో జారిపోవుటయే విచారింపవలసిన విషయము. పాత వస్తువులతో ఇంటిని అలంకరించుకొనుట ఎట్లు, ఆ వస్తువులతోపాటు వాని కథను నిలుపుకొనుట ఎట్లు అనునదియే ఈ ప్రసంగమునకు విషయము.

కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు 2016లో పలు జిల్లాలుగా విభజింపబడినను, గోదావరికి ఇరుదరులనున్న ఈ పల్లెలలో కలిగినవారి పాత ఇండ్ల తీరు చాలవరకు ఒక్కటే. నడుమ ఆకాశము కనబడు వాకిలి, చుట్టును టేకు స్తంభములపై నిలిచిన చావడులు, వీథిలోనికి చెక్కడపు పనిగల పెద్ద దర్వాజ, గోడలలో దీపపు గూళ్లు, చీకటి అర్రలో ధాన్యపు గుమ్మి, అటుకపై కాగులు, గోడవారగా ఇనుప పట్టీలు బిగించిన సందుగ. ఈ ఇండ్లలో అలంకారము కొఱకే తెచ్చిపెట్టిన వస్తువు అరుదు. దర్వాజపై పూలు చెక్కించుటకు కారణము, అది దినదినము పసుపు కుంకుమలతో మ్రొక్కులందుకొను గడప యగుటయే. చెంబు మెడ సన్నముగా నుండుట చేతిపట్టు కొఱకు. బిందె నడుము వంపు తిరుగుట చంకన ఇముడుట కొఱకు. పనికి కుదిరిన రూపమే ఆ వస్తువులకు సొగసైనది.

ఈ సంపద కలిగినవారి ఇండ్లకే పరిమితమని తలచుట పొరపాటు. రైతు ఇంట గొర్రుకు కట్టు జడ్డిగము, మోట తోలిన కాలపు పనిముట్లు. సిరిసిల్ల ప్రాంతపు నేతగాని ఇంట అరచేతిలో అరిగిన నాడె, అవ్వ వడికిన రాట్నము. కిరాణము కొట్టు మూలన కుంచము, మానిక, సోల, గిద్దె. వీనియందు బంగారము లేదు, వెండి లేదు. కాని ఒక జాతి ఎట్లు దున్నినది, ఎట్లు నేసినది, ఎట్లు కొలిచినది అను విషయమునకు ఇంతకు మించిన సాక్ష్యము లేదు.

ఇవి ఇండ్లనుండి తొలగిపోవుటకు కారణములు స్పష్టమే. 1956లో దేశమున మెట్రిక్ తూనికలకు చట్టము చేయబడి, క్రమముగా అది అన్ని అంగళ్లకును వచ్చుటతో మానిక, సోల పనిలేనివైనవి. చార్మినారు ముద్రగల నిజాము రాజ్యపు హాలి సిక్కా 1950వ దశకమున చెలామణి నుండి తొలగినది. స్టీలు గిన్నె రాగా కళాయి పెట్టింపవలసిన ఇత్తడి గిన్నె అటుకెక్కినది. కరెంటు రాగా కందీలు కొక్కెమునకు వ్రేలాడినది. మరికొన్ని ఊళ్లకు నీళ్లే వచ్చి పడినవి. శ్రీరామసాగరము, దిగువ మానేరు, ఎల్లంపల్లి, మధ్య మానేరు జలాశయములు కట్టినప్పుడు మునిగిన పల్లెల ప్రజలు ఇల్లు విప్పి, దూలములును దర్వాజలును ఊడదీసి బండ్లకెత్తుకొని కదలిరి. క్రొత్త ఇంటికి ఆ దర్వాజ కొలత చాలక, ఎన్నియో అమ్ముడుపోయినవి. అవసరము వచ్చి అమ్ముకొన్నవారిని తప్పుపట్టుట తగదు. విలువ తెలిసి అమ్ముట వేరు, తెలియక అమ్ముట వేరు. తెలియక అమ్మినవాడు వస్తువును, విలువను రెంటిని పోగొట్టుకొనును.

తెలిసినవాని కంటబడిన వస్తువు ఎంత పని చేయగలదో చెప్పుటకు కోటిలింగాలయే చాలును. పెద్దవాగు గోదావరిలో కలియుచోట, నేటి జగిత్యాల జిల్లాలో నున్న చిన్న గ్రామమది. వర్షము కురిసి మట్టి కొట్టుకొనిపోయినప్పుడెల్ల అచటి చేలలో చిన్న చిన్న నాణెములు బయటపడుచుండెను. వాని లోహమును తూకము వేసినచో వచ్చునది స్వల్పము. కాని ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరిశర్మగారు ఆ నాణెములను ఏరి కూర్చి, 1970వ దశకమున శాసన పండితులగు పరబ్రహ్మశాస్త్రిగారికి అందించిరి. వానిపై అక్షరములున్నవి. శాతవాహనులకు పూర్వము ఈ నేలనేలిన గోబద, నారన, సమగోప మున్నగువారి పేర్లు లోకమునకు తెలిసినవి. పురాణములలోను నానాఘాటు గుహలోను పేరుగా మాత్రమే మిగిలియున్న శాతవాహన మూలపురుషుడు సిముకుని నాణెములను గూడ పండితులు వానిలో గుర్తించిరి. ఆ తరువాత పురావస్తు శాఖవారు అచట త్రవ్వకములు జరిపిరి. ఆ నాణెములు కంచరి మూసలోనికి పోయియున్నచో, తెలంగాణ చరిత్రలో ఒక అధ్యాయమే కరిగిపోయి యుండెడిది.

ఈ కథలో మరియొక పాఠమున్నది. ఆ నాణెములు ఎచట దొరకినవో తెలియుటచేతనే వానికంత విలువ వచ్చినది. అవే నాణెములు ఊరు పేరు లేక నగరపు అంగడిలో అద్దాల పెట్టెలో కనబడినచో, చరిత్రకారునకు సగము సాక్ష్యము పోయినట్లే. ఇంటి వస్తువు సంగతియు నింతే. “ఇత్తడి చెంబు, పాతది” యని వ్రాసినచో అది సరకు. “ఈ ఇంటి పెద్దకోడలు పుట్టినింటినుండి తెచ్చుకొన్నది, బోనమునకు నీళ్లు తెచ్చెడిది” యని వ్రాసినచో అది వంశము.

పాత వస్తువులు కూర్చుట అనిన వెంటనే సాలార్‌జంగు పేరు స్ఫురించును. 1889లో జన్మించి 1949లో గతించిన మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ తన ఆస్తిని దేశదేశముల కళావస్తువులకు వెచ్చించెను. ఆయన నివసించిన దివాన్ దేవిడీయే 1951 డిసెంబరు 16న నెహ్రూ చేతులమీదుగా ప్రదర్శనశాలగా తెరువబడినది. 1968లో అది మూసీ ఒడ్డున క్రొత్త భవనమునకు మారినది. అంతటి ధనము గ్రామస్థునకు లేదు, అవసరమును లేదు. గ్రామస్థుడు కొనవలసినది తక్కువ. అమ్మక నిలుపుకొనవలసినదే ఎక్కువ.

ఇక పాతవి లేని ఇంటివారు విచారింపవలసిన పనిలేదు. పాత చేతిపనితనము క్రొత్త వస్తువులలో సజీవముగా నున్నచోట్లు ఈ ప్రాంతమున మూడు కలవు. మొదటిది నిర్మల. తేలికయైన పొనికి కొయ్యను చెక్కి, చింతగింజల గుజ్జును రంపపుపొట్టును కలిపి అతుకులు పెట్టి, తెల్లని పూత పూసి, రంగులు వేసి నిర్మల బొమ్మలు చేయుదురు. సీతాఫలమో, మామిడిపండో చేసి పళ్లెములో నుంచినచో ఈగకు గూడ భ్రమ కలుగునని చమత్కరింతురు. అచటి కళాకారులకు 1955లో సహకార సంఘము ఏర్పడినది. పొనికి చెట్టు అడవిలో అరుదగుచుండుట వారికి నేటి పెద్ద చిక్కు. చెట్టు లేనిదే బొమ్మ లేదు.

రెండవది కరీంనగరు వెండితీగపని. ఎలగందుల నుండి కరీంనగరునకు వచ్చినదని చెప్పబడు ఈ పనిలో వెండిని వెంట్రుకవలె సన్నని తీగగా సాగదీసి, రెండు తీగలను మెలివేసి, చదును చేసి, పూవుగా లతగా వంచి, చట్రములో అమర్చి అతుకుదురు. పన్నీరు బుడ్డి, అత్తరుదాని, పాందాను అను వస్తువులు దీనికి పేరు పొందినవి. తీగకు తీగకు నడుమ నుండు ఖాళీయే ఈ పనికి అందము. వెలుతురు దానిగుండా ప్రసరించుచోట నుంచినప్పుడే దాని సొగసు తెలియును.

మూడవది ఆదిలాబాదు అడవుల డోక్రా పని. నేటి కుమురంభీం ఆసిఫాబాదు జిల్లాలోని ఉషేగాము వంటి పల్లెలలో ఓజా కుటుంబములు దీనిని నిలుపుకొని వచ్చుచున్నవి. మట్టితో లోపలి రూపు చేసి, దానిపై తేనెమైనపు తీగలను చుట్టి, మరల మట్టి పొదిగి కాల్చగా మైనము కరిగిపోవును. ఆ ఖాళీలోనికి కరిగిన ఇత్తడిని పోయుదురు. మూసను పగులగొట్టి బొమ్మను తీయవలసియుండుటచే ఒకదానిని పోలిన రెండవది పుట్టదు. 2018లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఓజాలు కరిగించునది పాత ఇత్తడినే. కనుక పాతదంతయు దాచవలెనని ఎవరును భ్రమపడరాదు. చిల్లులు పడిన పేరులేని పాత్ర కరిగి గంటయై మ్రోగుట దానికి పునర్జన్మయే. పేరు చెక్కిన పాత్ర, చెక్కడముగల పలక, అక్షరమున్న రాగిరేకు – ఇవి కరుగరాదు.

ఇంట అమర్చు పద్ధతిని గూర్చి కొన్ని మాటలు. మొదటిది, గుంపు కూడదు. గోడకొక వస్తువు, మూలకొక వస్తువు చాలును. పది చెంబులు వరుసగా పెట్టినచో కంచరి అంగడి యగును గాని ఇల్లు కాదు. రెండవది, వస్తువునకు ఏదో యొక పని యుండవలెను. సందుగపై పరుపు వేసినచో కూర్చుండుటకు పీట, లోపల కంబళ్లకు చోటు. మానికలో కలములు నిలుచును. గంగాళము నీటితో ముంగిట నిలిచినచో పిచ్చుకలు త్రాగును. కొలత చాలని పాత దర్వాజ తలుపు నాలుగు కాళ్లపై నిలిచి చదువు బల్ల యగును. కాని దానిని కోసి ముక్కలు చేయరాదు. బతుకమ్మ పండుగకు ఇత్తడి తాంబాళము అటుక దిగి, తంగేడును గునుగును మోసి మరల అటుకెక్కును. ఏటేట అట్లు వాడుకలో నున్నదానికి మించిన అలంకారము లేదు.

కాపాడు తీరును తెలిసికొనదగినదే. చింతపండుతో తోమినచో ఇత్తడి మెరయుట నిజమే గాని, బూడిదయు ఇసుకయు వేసి ప్రతి శుక్రవారము రుద్దినచో చెక్కిన పేరు రెండు తరములలో అరిగిపోవును. అక్షరములున్నచోట మెత్తని గుడ్డతో తుడిచిన చాలును. వంటకు వాడదలచినచో కళాయి తప్పదు. టేకు తలుపునకు మెరుపురంగు పూసినచో చెక్కడపు గీతలు పూడిపోవును. పలుచగా అవిసెనూనె పట్టించి ఆరనిచ్చుట మేలు. గోడతేమ తగులకుండ, చెదలు ఎక్కకుండ చూచుకొనవలెను. తాటాకు గ్రంథములున్నచో విప్పి అటునిటు వంచక, నిమ్మగడ్డి నూనె వాసన తెలిసిన వారిచేత శుభ్రపరపించి, పలకల నడుమ కట్టి గుడ్డలో చుట్టియుంచవలెను. వెండి తీగపనిని తడిచేతితో ముట్టరాదు.

కొనదలచినవారికి ఒక హెచ్చరిక. క్రొత్త ఇత్తడికి ద్రావకము పూసి నల్లబరచి, పాతదని చెప్పి అమ్ముట నేడొక వ్యాపారమైనది. చేయి పట్టినచోట, నేల తాకినచోట మాత్రమే నిజమైన అరుగుదల యుండును. పైనుండి క్రిందివరకు ఒకే తీరుగ నల్లబడినదానిని అనుమానింపవలెను. చేతితో కొట్టిన పాత్రపై సుత్తి దెబ్బల జాడలు తడిమినచో తెలియును.

అలంకారమునకు తగనివియు కొన్ని కలవు. కేస్లాపూరు నాగోబా పూజకు మెస్రం వంశీయులు పుష్యమాసమున కాలినడకన పోయి హస్తిన మడుగునుండి గంగాజలము తెచ్చు ఝారి యున్నది. దానిని చూచువారికి అది ఇత్తడి పాత్ర. ఆ వంశమువారికి అది మ్రొక్కు, మార్గము, పూర్వుల మాట. అట్టి వస్తువు ఒకరి కొలువు గదిలో మూలన నిలుచుట సొగసు కాదు, దోషము. చేనిగట్టున చెట్టుక్రింద నున్న వీరగల్లు, పాడుబడిన గుడిలోని విగ్రహము, ఊరి పొలిమేర రాయి అట్టివే. అవి ఏ ఒక్కరి సొత్తును కావు.

చట్టమును ఇదే చెప్పుచున్నది. 1972లో చేయబడి 1976 ఏప్రిల్ 5 నుండి అమలులోనికి వచ్చిన పురావస్తువుల, కళాఖండముల చట్టము ప్రకారము నూరేండ్లు నిండిన శిల్పము, నాణెము, చిత్రము మున్నగునవియు, డెబ్బదియైదేండ్లు నిండిన చారిత్రక, సాహిత్య విలువగల వ్రాతప్రతులును పురావస్తువులు. వానిని ఇంట నుంచుకొనుట నేరము కాదు; కాని విగ్రహములు, చిత్రములు మున్నగు కొన్ని తరగతులను నమోదు చేయింపవలెను. వ్యాపారమునకు అనుమతిపత్రము కావలెను. ప్రభుత్వము తప్ప ఇతరులు వానిని దేశము దాటింపరాదు. దున్నునప్పుడో, పునాది త్రవ్వునప్పుడో నేలలో లంకె దొరకినచో, పది రూపాయలకు మించిన విలువగలదైనచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టమే చెప్పియున్నది. భయపడి కరిగించుట వలన నేరమును మిగులును, చరిత్రయు పోవును.

కడపటి మాట గ్రంథాలయమును గూర్చినది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసిననాటి నుండి ఈ నేలపై గ్రంథాలయము అనగా పుస్తకముల గది మాత్రమే కాదు. ఊరి జ్ఞాపకమునకు ఇల్లు. ఇరువదియైదేండ్లు పుస్తకములను లెక్కపెట్టి, అట్టలు వేసి, చెదలనుండి కాపాడిన గ్రంథాలయమునకు మరియొక పని కష్టము కానేరదు. ఒక చిట్టా పుస్తకము తెరువవలెను. ఊరిలోని వస్తువులను ఎవరి ఇంట నున్నవి వారి ఇంటనే యుంచి, వస్తువు పేరు, అది చేసిన పని, ఎవరినుండి ఎవరికి వచ్చినది, దానిపై నున్న అక్షరములు ఆ చిట్టాలో ఎక్కింపవలెను. వ్రాయుపని పాఠశాల పిల్లలది. చెప్పుపని అవ్వలది, తాతలది. వస్తువు వద్దనుకొన్నవారు తరాజువానికి ముందు గ్రంథాలయమునకు చెప్పుదురని ఊరు ఒక కట్టుబాటు చేసికొనవలెను. అట్టివానికి ఒక బీరువా చాలును.

త్వరపడుటకు కారణము వస్తువులు పోవుచుండుట మాత్రమే కాదు. జడ్డిగమును చూచి ఇది జడ్డిగము అని చెప్పగలవారు ప్రతి ఊరిలో ఏటేట తగ్గుచున్నారు. కొయ్య నూరేండ్లు నిలుచును, ఇత్తడి ఇంకను ఎక్కువ నిలుచును. దాని పేరు తెలిసిన మనిషి అంతకాలము నిలువడు. ఆ చిట్టాలో మొదటి పుట ఈ రజతోత్సవ సంవత్సరముననే నిండుగాక. రేపు పాతసామాను బండి కేక వినబడినప్పుడు, తరాజు ఎక్కించుటకు ముందు ఆ గంగాళమును వెలుతురులో త్రిప్పి, అంచుపై ఎవరి పేరున్నదో ఇంటిలోని పిల్లవానిచేత ఒక్కసారి చదివింపుడు. చదివిన తరువాత అమ్ముటయో, ఉంచుటయో ఆ ఇంటివారి ఇష్టము.